హైదరాబాద్ నెం. 12ఏ: బల్ల మీద కట్టిన బాంబర్

జూన్ 1

ఈ రోజు బల్ల ఖాళీ చేశాను. పాత రేడియో, సగం విప్పిన మిక్సీ మోటారు, డబ్బాల నిండా స్క్రూలు, అన్నీ అటకెక్కాయి. వచ్చే నాలుగు నెలలు ఈ బల్ల మీద ఒక్క విమానమే ఉంటుంది. ఎయిర్‌కో డీహెచ్ 9ఏ, నెంబరు ఎఫ్ 1010. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, జర్మనీ మీదికి పగటిపూట బాంబులు మోసుకెళ్ళిన విమానం.

రెండేళ్ళ కింద చెల్లెలి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు హెండన్‌లో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) మ్యూజియం చూడ్డానికి పోయాను. అక్కడ నాలుగు ఇంజిన్ల లాంకాస్టర్ లాంటి పెద్ద పెద్ద బాంబర్లు ఉన్నాయి. అందరూ వాటి చుట్టే మూగుతున్నారు. నేను మాత్రం ఒకదానిమీద ఒకటిగా రెక్కలున్న ఒక పాత విమానం ముందు ఆగిపోయాను. మట్టిరంగుకీ ఆకుపచ్చకీ మధ్య ఏదో రంగు. ముందుభాగం పక్కన తెల్లటి అక్షరాలు. దగ్గరికి పోయి చదివితే నిజాం ఇచ్చిన కానుక అనీ, 'హైదరాబాద్ నెం. 12ఏ' అనీ ఉంది. చదివింది నిజమేనా అని రెండోసారి చదివాను. ఒళ్ళు జలదరించింది. మా ఊరి పేరు రాసుకున్న బాంబర్, మా ఊరు ఒక్కసారి కూడా చూడని బాంబర్, అక్కడ నిలబడి ఉంది.

ఆ రోజు తీసిన ఫొటోలు డెబ్బై దాకా ఉన్నాయి. ఈ పని వాటితోనే మొదలవుతోంది.

జూన్ 8

కొలత 24వ వంతు అనుకున్నాను. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 14 మీటర్లు, పొడవు 9.2 మీటర్లు. అంటే నా బల్లమీద రెక్క 58 సెంటీమీటర్లు, పొడవు 38. ఇంతకంటే చిన్నది చేస్తే అక్షరాలు రాయలేను. ఇంతకంటే పెద్దది చేస్తే ఇంట్లో ఒప్పుకోరు. పెట్టెలో దొరికే ప్లాస్టిక్ కిట్ వద్దనుకున్నాను. బాల్సా అనే తేలికపాటి కర్ర, వెదురు, పలచని కాగితంతో కడతాను. అసలు విమానం కూడా కర్ర, గుడ్డ, తీగ. అదే పద్ధతిలో కడితేనే వాళ్ళు ఎందులో కూర్చుని వెళ్ళారో నా చేతులకి తెలుస్తుంది.

మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. డ్రాయింగుల ప్రింటు తీయించుకొచ్చి, రెక్కలో అడ్డంగా వచ్చే పక్కటెముకలు ఎనిమిది కోసేశాను. తర్వాత అనుమానం వచ్చి షీటు మూలనున్న 10 సెంటీమీటర్ల గీత కొలిస్తే 9.7 ఉంది. షాపులో ప్రింటు తీసేటప్పుడు బొమ్మని కాగితానికి సరిపోయేలా కుదించారు. ముక్కలన్నీ పక్కన పడేసి మళ్ళీ ప్రింటు తీయించాను. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు కత్తి పట్టుకునే ముందు స్కేలు పట్టుకోండి. ప్రతి షీటు మీదా ఆ గీత కొలవండి.

జూన్ 22

బాడీ చట్రం నిలబడింది. నాలుగు పొడవాటి కర్రలు, మధ్యలో అడ్డకర్రలు, మూలలకు తీగలు. అసలు విమానంలో ముందుభాగం మీద ప్లైవుడ్, వెనకభాగం మీద లినెన్ గుడ్డ. నేను ముందు 0.8 మిల్లీమీటర్ల ప్లై వాడాను. వెనక కాగితం అంటిస్తాను.

ఈ రోజు ఎక్కువసేపు గడిచింది కాక్‌పిట్ల దగ్గర. దీని కథ చెప్పాలి. దీనికంటే ముందొచ్చిన డీహెచ్ 4లో పైలట్ ముందు, అబ్జర్వర్ వెనక, ఇద్దరి మధ్యలో పెట్రోలు ట్యాంకు. గాలిలో ఒకరి మాట ఒకరికి చేరేది కాదు. డీహెచ్ 9లో పైలట్‌ని వెనక్కి జరిపి ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టారు. కానీ దాని 230 హార్స్‌పవర్ ప్యూమా ఇంజిన్ నమ్మకంగా పనిచేయలేదు. ఆ ఇంజిన్‌తో బరువు మోసుకుని అది తగినంత ఎత్తుకు పోలేకపోయింది. దాంతో వెళ్ళిన స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, చాలా నష్టపోయాయి. ఆ తప్పు దిద్దడానికి పెద్ద రెక్కలు, పెద్ద ఇంజిన్ పెట్టి తయారుచేసిందే 9ఏ. ఆ రోజుల్లో ఫోన్లో, వైర్‌లెస్‌లో 'ఏ' అక్షరాన్ని 'ఆక్' అని పలికేవాళ్ళు. అలా దీనికి 'నైనాక్' అనే ముద్దుపేరు వచ్చింది.

నా చట్రంలో ఆ రెండు గుండ్రటి ఖాళీల మధ్య నా చిటికెన వేలు పడుతుంది, అంతే. అసలు విమానంలో అది చెయ్యి చాపితే భుజం తట్టగలిగేంత దూరం. పైలట్ ముందుకి చూస్తూ నడుపుతాడు. అబ్జర్వర్ చాలాసేపు వెనక్కి తిరిగి నిలబడి లూయిస్ గన్ అనే మెషిన్‌గన్‌తో తోక వైపు కాపలా కాస్తాడు. వీపు వీపూ ఆనించుకున్నట్టే. ఒకడు చూడలేనిది ఇంకొకడు చూస్తాడు.

ఎఫ్ 1010లో ఆ ఇద్దరూ కెప్టెన్ ఎ. ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ డబ్ల్యూ.జి.ఎల్. బాడ్లీ. ఇంగ్లిస్ పైలట్. బాడ్లీ అబ్జర్వర్.

జూలై 6

ఈ వారం చేతిపని తక్కువ, చదవడం ఎక్కువ.

ఎఫ్ 1010 ఉన్న 110వ స్క్వాడ్రన్ 1917 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని రెండ్‌కోంబ్‌లో మొదలైంది. తర్వాత సెడ్జ్‌ఫర్డ్‌కి, అక్కడినుంచి కెన్లీకి మారింది. పూర్తిగా డీహెచ్ 9ఏలతో యుద్ధానికి దిగిన మొదటి స్క్వాడ్రన్ ఇదే. మొదట ఇచ్చిన విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బుతో కొన్నవి. ప్రతిదానిమీదా ఆ సంగతి రాసి ఉండేది. అందుకే దీనికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. అదే 1918లో బ్రిటిష్‌వాళ్ళు నిజాంకి 'నమ్మకమైన మిత్రుడు' అనే బిరుదు ఇచ్చారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కి కూడా హైదరాబాద్ పేరు వచ్చింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద నినాదంగా ఈ బిరుదే ఉంటుంది.

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఆయన పేపరు పక్కన పెట్టి, "గా పైసలు ఎవరియిరా? శిస్తు కట్టినోళ్ళయే గదా" అన్నాడు.

నాన్న మాట అప్పటినుంచీ చెవిలో ఉంది. మా ముత్తాతది భువనగిరి పక్కన పల్లె. నిజాం సర్కారు సొంత నాణెం హాలీ సిక్కా రూపాయల్లో శిస్తు కట్టిన మనిషి. 1918లో దేశమంతా వానలు ముఖం చాటేశాయి. ఆ వెనకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఒకే ఖజానాలోంచి చదువుకి పోయింది కొంత, బాంబర్లకి పోయింది కొంత. విమానం మీద పడింది నిజాం పేరే. కానీ నేను ఆ అక్షరాలు రాసేటప్పుడు భువనగిరి చేలు కూడా గుర్తుంటాయి.

జూలై 20

ఇంజిన్. ఈ విమానంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

లిబర్టీ, వీ ఆకారంలో 12 సిలిండర్లు, 400 హార్స్‌పవర్. రెండు వరుసల మధ్య కోణం 45 డిగ్రీలు. అమెరికా యుద్ధంలోకి దిగాక 1917లో జెస్సీ విన్సెంట్, ఇ.జె. హాల్ అనే ఇద్దరు ఇంజినీర్లు వాషింగ్టన్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని కొద్ది రోజుల్లోనే గీసిన డిజైన్ ఇది. కార్ల కంపెనీలు వేలకొద్దీ తయారుచేశాయి. ఇంగ్లండ్‌లో రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజిన్లకి కొరత ఉండేది. అందుకని 9ఏకి లిబర్టీ పెట్టాలనుకున్నారు. ఎయిర్‌కో వాళ్ళు అప్పుడు డీహెచ్ 10 అనే ఇంకో విమానం పనిలో తీరిక లేకుండా ఉన్నారు. ఈ ఇంజిన్‌కి తగ్గట్టు డ్రాయింగులు మార్చే పనిని యోవిల్ ఊళ్ళోని వెస్ట్‌లాండ్ ఫ్యాక్టరీ చేసింది. లిబర్టీ పెట్టిన మొదటి 9ఏ 1918 ఏప్రిల్‌లో ఎగిరింది. మన ఎఫ్ 1010 కూడా వెస్ట్‌లాండ్‌లోనే తయారైంది.

గుండె అమెరికాది, ఒళ్ళు ఇంగ్లండ్‌ది, డబ్బు హైదరాబాద్‌ది. నాకు దీనిమీద ఇంత మోజు కలగడానికి సగం కారణం ఇదే.

సిలిండర్లకి బాల్‌పెన్ రీఫిల్ గొట్టాలు కోసి, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టాను. మూత పెడితే ఇందులో చాలావరకు కనపడదని తెలుసు. అయినా 12 సిలిండర్లూ చేశాను. పొగగొట్టాలకి ఇత్తడి ట్యూబు వాడాను. నిప్పుమీద ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, నెమ్మదిగా వంచాలి. కాల్చకుండా వంచితే మధ్యలో నొక్కుకుపోతుంది.

ముక్కు దగ్గర నలుచదరంగా నిలబడే రేడియేటర్ ఈ విమానానికి ముఖం లాంటిది. దోమతెర ముక్క కత్తిరించి అంటించి, నల్లరంగు పొడిబ్రష్‌తో రుద్దాను. దూరం నుంచి చూస్తే అచ్చం తేనెపట్టులా ఉంది.

ఆగస్టు 3

అక్క కూతురు కింద ఇంట్లోనే ఉంటుంది, పదో తరగతి. పక్కటెముకలకి ఉప్పుకాగితం పట్టడానికి వచ్చి కూర్చుంది. రెక్క కొసలు గుండ్రంగా వంచడానికి బాల్సా చీలికలు నీళ్ళలో నానబెట్టి వంచుతుంటే నాకు నాలుగు విరిగాయి. అది చూసి, "మామా, పతంగి కమాన్‌కి వెదురే గదా పెడ్తరు, గది పెట్టరాదూ" అంది.

ధూల్‌పేట పోయాం. సంక్రాంతి ఇంకా ఐదు నెలల పైనే ఉంది, అయినా పతంగులు కట్టే ఇళ్ళల్లో పని ఆగదు. అక్కడ ఒకమ్మ సన్నటి వెదురు బద్దని కొవ్వొత్తి మంట మీద ఇటూ అటూ ఆడిస్తూ, రెండు బొటనవేళ్ళతో ఒత్తుతూ, మాట్లాడుతూనే వంపు తీసింది. మంట తగలకూడదు, సెగ మాత్రమే తగలాలి. వెదురు లోపలి పసుపు రంగు కొంచెం ముదిరిందంటే చాలు, తీసెయ్యాలి. చల్లారేదాకా చేత్తోనే పట్టుకుని ఉండాలి. ఇరవై బద్దలు ఇచ్చి డబ్బులు వద్దంది. బలవంతాన ఇచ్చాను.

ఆ సాయంత్రమే నాలుగు రెక్కల కొసలూ వంగాయి. నిజాం డబ్బుతో కట్టిన విమానం నమూనాలో ధూల్‌పేట వెదురు ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 10

కింది రెక్క వంకర పోయింది.

పలచని టిష్యూ కాగితాన్ని రెక్క చట్రం మీద అంటించి, నీళ్ళు చల్లి ఆరబెడితే బిగుసుకుంటుంది. దాని మీద డోప్ అనే వార్నిష్ లాంటిది పూస్తే ఇంకా బిగుస్తుంది. ఈ వారం అంతా ముసురు. గాలి నిండా తేమే. రాత్రి డోప్ పూసి పడుకున్నాను. పొద్దున చూస్తే కుడి కింది రెక్క వెనక అంచు ఆరు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. పైగా తేమకి డోప్ తెల్లగా పొంగింది.

కోపం వచ్చింది, పనీ ఆపేశాను. మధ్యాహ్నం టీ తాగాక మళ్ళీ కూర్చుని, కాగితం అంతా ఊడదీసి, చట్రాన్ని అద్దం మీద బరువులు పెట్టి తిన్నగా చేశాను. ఈసారి రెండు వైపులా ఒకేసారి డోప్ పూసి, వంద వాట్ల బల్బు కింద ఆరబెట్టాను. నాలుగు మూలలా పిన్నులు గుచ్చాను. నిలిచింది.

1918లో ఆ ఫ్యాక్టరీల్లో గుడ్డ కుట్టింది, రెక్కలకి తొడిగింది, డోప్ పూసింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ డోప్ వాసన తలనొప్పి తెప్పిస్తుంది. నేను కిటికీ తెరిచి గంట పూస్తేనే కళ్ళు తిరిగాయి. వాళ్ళు రోజంతా పూశారు.

ఆగస్టు 24

చక్రాలు, ఇరుసు. ఈ విమానానికి స్ప్రింగులు లేవు. ఇరుసుని కాళ్ళకి రబ్బరు తాడుతో గట్టిగా చుట్టేవాళ్ళు. నేల తగిలినప్పుడు కుదుపుని ఆ రబ్బరే మింగేది. నేను పాత సాక్సు అంచులోంచి తీసిన ఎలాస్టిక్ దారం పోగులు చుట్టాను. వేలితో నొక్కితే నిజంగానే కిందికి దిగి పైకి లేస్తోంది. ఇది ఎవరికైనా చూపించకుండా ఉండలేకపోతున్నాను.

అబ్జర్వర్ కాక్‌పిట్ చుట్టూ స్కార్ఫ్ రింగు కూడా ఈ వారమే. గన్‌ని చుట్టూ తిప్పడానికి, పైకీ కిందికీ ఎత్తడానికి ఉండే వలయం అది. ఇత్తడి తీగని సీసా మూతకి చుట్టి వంచాను. గన్ బరువుని సగం మోసేది అందులో ఉండే ఎలాస్టిక్ తాడే. వేల అడుగుల ఎత్తున, ఎదురుగాలిలో, చేతులు కొంకర్లు పోతుంటే దాన్ని ఎత్తి గురిపెట్టాలి కదా.

సెప్టెంబర్ 14

ఈ రోజు తేదీ చూసి పని ఆపి, గోడ మీద మ్యాప్ అంటించాను. 1918లో సరిగ్గా ఈ రోజే 110వ స్క్వాడ్రన్ మొదటి దాడికి వెళ్ళింది.

ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతం, బెతాంకూర్ అనే పల్లె పక్కన ఎయిర్‌ఫీల్డ్. జనరల్ ట్రెంచార్డ్ కింద ఉన్న ఇండిపెండెంట్ ఫోర్స్‌లో చేరారు. సైనికులకి దన్నుగా కాకుండా, నేరుగా జర్మనీ ఊళ్ళమీద, ఫ్యాక్టరీలమీద, రైల్వేలమీద, ఎయిర్‌ఫీల్డ్‌లమీద దాడి చేయడానికి పెట్టిన దళం అది. మొదటి రోజు జర్మన్ల బూలే ఎయిర్‌ఫీల్డ్. సెప్టెంబర్ 16న మాన్‌హైమ్. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్.

మ్యాప్ మీద బెతాంకూర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి దారం లాగి కొలిచాను. తిన్నగా పోతే 260 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా అనుకోండి, ఇంకాస్త ఎక్కువ. నేను ఆ దారిన బస్సులో పోతేనే నడుము పట్టేస్తుంది. వాళ్ళు తెరిచిన కాక్‌పిట్‌లో, చలిలో, కింద శత్రువు నేల, చుట్టూ శత్రువు విమానాలు ఉండగా వెళ్ళి రావాలి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. అంటే బాంబులు వేసి అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడే ఎదురుగాలి. పారాచూట్ లేదు. అప్పటి బ్రిటిష్ విమాన సిబ్బందికి ఇవ్వలేదు. విమానం అంటుకుంటే దూకడానికి దారి లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ రోజున నాలుగు విమానాలు తిరిగి రాలేదు. అక్టోబర్ 5న మళ్ళీ నాలుగు. అక్టోబర్ 21న ఏడు. అంతా కలిపి రెండు నెలల్లో శత్రువు చేతిలో పోయినవి 17, ప్రమాదాల్లో విరిగినవి 28. ఒక్కొక్కదానిలో ఇద్దరు. కింద బాంబులు పడ్డ ఊళ్ళల్లో కూడా మనుషులే ఉన్నారు. మ్యాప్ మీద నేను గుచ్చిన ఎర్ర గుండుసూదులన్నీ జనం ఉన్న చోట్లే.

అదే నెలలో, అదే యుద్ధంలో, నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనాలో గుర్రాల మీద ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళది. ఆ లాన్సర్లకి అక్కడ విగ్రహమైనా ఉంది.

సెప్టెంబర్ 21

రంగు. బ్రిటిష్‌వాళ్ళు విమానాల పైభాగానికి పూసిన రంగుని పీసీ 10 అంటారు. ఇది ఒక్క రంగు కాదు, దాన్ని పట్టుకోవడం కష్టం. పసుపు మట్టి రంగులో నలుపు కలిపి చేసేవాళ్ళు. కలిపిన పాళ్ళని బట్టి, పూసిన పొరలని బట్టి, ఎండని బట్టి ఒక్కొక్క విమానం ఒక్కొక్కలా ఉండేది. ఒకటి ముదురు ఆలివ్ ఆకుపచ్చ, ఇంకొకటి చాక్లెట్ గోధుమ. నా ఫొటోలు ఒక్కొక్క లైటు కింద ఒక్కొక్కలా ఉన్నాయి. చివరికి ఆవకాయ జాడీ అడుగున మిగిలే నూనె రంగుకి కొంచెం ఆకుపచ్చ కలిపినట్టు వచ్చింది. పక్కన ఫొటో పెట్టి చూస్తే ఒప్పుకున్నాను. రెక్కల అడుగున రంగు లేదు. డోప్ పూసిన లినెన్ మీగడ రంగు అంతే.

బాడీ పక్కన పెద్ద తెల్లటి 'సి' అక్షరం స్టెన్సిల్‌తో వేశాను. ఇక మిగిలింది అసలు పని, ఆ రెండు వరుసల అక్షరాలు.

సెప్టెంబర్ 28

అక్షరాలు స్టిక్కర్‌గా ప్రింటు తీయించుకోమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. 1918లో ఎవరో ఒక మనిషి బ్రష్ పట్టుకుని రాసినవి అవి. పాతబస్తీలో షాపు బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఫ్లెక్సీలు వచ్చాక పని చాలా తగ్గిపోయింది. అయినా పొద్దున్నే వచ్చి షట్టర్ తీసి కూర్చుంటాడు. డెబ్బై దాటిన వయసు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే.

విమానాన్ని పెట్టెలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. అక్షరం ఎత్తు రెండు మిల్లీమీటర్లు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరికి పెట్టుకుని చూశాడు. "నేను రాస్తే నీకేం వస్తది బేటా? నువ్వే రాయి, నేను చెప్తా" అన్నాడు.

ఆయన చెప్పినది ఇది. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టకూడదు. వరుసలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాలి, మాటల మధ్య ఖాళీలు కూడా అక్షరాల కిందే లెక్క. నడిమి అక్షరాన్ని నడిమిలో పెట్టి, అక్కడినుంచి కుడికి ఒకటి, ఎడమకి ఒకటి పోవాలి. అప్పుడే వరుస ఒక పక్కకి ఒరగదు. చిటికెన వేలు చెక్కకి ఆనించి, చెయ్యి కదపకుండా, ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే గీత లాగాలి. తెల్లరంగు పాలలా ఉండాలి, పెరుగులా ఉండకూడదు. ఒక గంటసేపు అట్టముక్క మీద గీతలే గీయించాడు. తర్వాత అదే అట్టమీద వరుస మొత్తం నాలుగుసార్లు రాయించాడు. ఐదోసారికి తల ఊపి, "ఇగ పెట్టు" అన్నాడు.

రెండు గంటలు పట్టింది. 'హైదరాబాద్' అన్న మాట దగ్గర నా చెయ్యి కొంచెం వణికింది. భూతద్దంలో చూస్తే కనపడుతుంది. దిద్దలేదు, అలాగే ఉంచాను.

రాయడం అయ్యాక ఆయన విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు కాక్‌పిట్లూ వేలితో చూపించి, "నిజాం సర్కార్ పేరున్నది, షహర్ పేరున్నది. మరి ఇండ్ల కూసున్నోళ్ళ పేర్లు యాడున్నయ్?" అన్నాడు.

లేవు చాచా అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. ఇంటికొచ్చేదాకా నాకు అదే ఆలోచన.

అక్టోబర్ 2

సెలవు రోజు. తీగలు కడుతున్నాను.

రెండు రెక్కల మధ్య ప్రతి పక్కా రెండు జతల నిలువు కర్రలు, వాటి మధ్య ఏటవాలుగా తీగలు. ఒక వైపు ఏటవాలు తీగలు గాలిలో ఉన్నప్పుడు రెక్కల్ని కిందికి పట్టి ఉంచుతాయి. రెండో వైపువి నేలమీద ఉన్నప్పుడు రెక్కలు జారకుండా మోస్తాయి. గాలిలో మోసే తీగలు జంటగా ఉంటాయి, ఒకటి తెగినా రెండోది ఆదుకోవడానికి. సన్నని ఎలాస్టిక్ దారం, ఫెవిక్విక్ చుక్క, చిమటా. రోజుకి పది తీగలు దాటితే కళ్ళు మండుతున్నాయి. ఇంకా ముప్ఫై దాకా ఉన్నాయి.

ఇవి కడుతున్నంతసేపూ ఎఫ్ 1010 ఆ తర్వాత ఏమైందన్నదే తలలో తిరిగింది. 1918 అక్టోబర్ 5న స్క్వాడ్రన్ కొలోన్ అనుకుని బయల్దేరి, చివరికి కైజర్స్‌లౌటర్న్, పిర్మాసెన్స్‌ల మీద బాంబులు వేసింది. ఎఫ్ 1010 జర్మన్ నేలమీద దిగిపోయింది. ఇంగ్లిస్, బాడ్లీ ఇద్దరూ ప్రాణాలతో ఖైదీలయ్యారు. స్క్వాడ్రన్ మొదటి దాడికీ ఆ రోజుకీ మధ్య మూడు వారాలే. ఆ రోజు తర్వాత 37 రోజులకి యుద్ధం ఆగిపోయింది.

విమానాన్ని జర్మన్లు పాడుచేయలేదు. బెర్లిన్‌లోని విమాన మ్యూజియంలో పెట్టారు. 1943లో ఆ మ్యూజియం మీద బాంబులు పడ్డాయి. బాంబర్‌గా మొదలైన విమానం ఇంకో తరం బాంబర్ల కింద నిలబడాల్సి వచ్చింది. కొన్ని విమానాలని తూర్పుగా తరలించారు. యుద్ధం ముగిశాక ఆ ఊళ్ళు పోలండ్‌లోకి వచ్చాయి, ఇదీ అక్కడే ఉండిపోయింది. చివరికి క్రాకోవ్ చేరింది. అదే దారిన వచ్చిన ఒక సాప్‌విత్ క్యామెల్ అనే బ్రిటిష్ ఫైటర్, 1918 సెప్టెంబర్‌లో జర్మన్లకి చిక్కింది, ఇప్పటికీ క్రాకోవ్‌లోనే ఉంది. ఎఫ్ 1010ని మాత్రం 1977లో ఆర్‌ఏఎఫ్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం ఇచ్చి తెచ్చుకుంది. అప్పటికి దానికి రెక్కలు లేవు, బాడీ మాత్రమే మిగిలింది. రెక్కలు కొత్తగా చేసి, 1983లో జనానికి చూపించారు.

అంటే నేను హెండన్‌లో చూసిన రెక్కలు ఎగిరిన రెక్కలు కావు. కానీ ఆ రెండు కాక్‌పిట్లు మాత్రం అవే. ఇంగ్లిస్ కూర్చున్నది, బాడ్లీ నిలబడింది అక్కడే.

హైదరాబాద్ స్క్వాడ్రన్ కథ అక్కడ ఆగలేదు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన మర్నాడు, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద బ్లెన్‌హైమ్ బాంబర్లతో దాడికి ముందు నడిచింది వీళ్ళే, ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్ నాయకత్వంలో. 1942లో ఇండియాకి వచ్చి, బర్మా యుద్ధంలో వెంజెన్స్ డైవ్ బాంబర్లు నడిపారు. దాని గురించి వేరే డైరీ రాయాలి, వేరే నమూనా కట్టాలి.

అక్టోబర్ 5

నిన్న రాత్రి ఒంటిగంటకి చివరి తీగ కట్టాను. ప్రొపెల్లర్ పొద్దున బిగించాను. టేకు, లేత చెక్క పొరలు ఒకదానిమీద ఒకటి అంటించి చెక్కింది. బరువు తూచితే 212 గ్రాములు.

సాయంత్రం దాన్ని పెట్టెలో పెట్టుకుని, నున్నగా తోమిన రోజ్‌వుడ్ పలక ఒకటి చంకన పెట్టుకుని చాచా షాపుకి పోయాను. విమానం నిలబడే పీట అది. "పేర్లు తెచ్చినా చాచా" అన్నాను. కాగితం తీసుకుని రెండుసార్లు పలికించుకున్నాడు. ఇంగ్లిస్. బాడ్లీ. తెలుగులోనే రాయమన్నాను.

"ఎంత సైజు?"

"విమానం మీద నిజాం పేరు ఎంతుందో అంతే."

ఈసారి బ్రష్ ఆయనే పట్టుకున్నాడు. అక్షరాలు లెక్కపెట్టి, నడిమి అక్షరం దగ్గర సుద్దముక్కతో చిన్న చుక్క పెట్టి, చిటికెన వేలు పలకకి ఆనించి, ఊపిరి వదిలాడు. 'బాడ్లీ'లో దీర్ఘం తోక కొంచెం పైకి లాగి వదిలాడు, బోర్డుల మీద ఎప్పుడూ అలాగే రాస్తాడట. రంగు ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని టీ తాగాం. ఆరాక విమానాన్ని పీట మీద నిలబెట్టాను. సాక్సు ఎలాస్టిక్ ఇరుసు కొంచెం దిగి, ఆగింది.